బొండాం గాడి 9991

మన టెన్త్ బ్యాచ్ మళ్లీ కలుస్తోందిగా, బడి రోజుల మీద కమిటీ వాళ్లు రెండు పేజీలు, ఒక ఫొటో అడిగారు. ఫొటో పంపాను, జుట్టున్న రోజులది. రాద్దామని కూర్చుంటే ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా ఒక్క ముక్క గుర్తు లేదు. పదిలో ఆ శుక్రవారం మాత్రం కళ్లముందే ఉంది.

పొడుం మేష్టారు పదివేల లోపు ప్రధాన సంఖ్యలన్నీ మనచేత ఏరించారు. నలభై మందిమి, ఆ పదివేలూ ఇరవై ముక్కలు, ఒక్కో ముక్కని ఇద్దరు విడివిడిగా చూడాలి. 2 నుంచి 97 దాకా పాతిక ప్రధాన సంఖ్యలు బోర్డు మీద రాసి, “వీటిలో దేంతోనైనా నిశ్శేషంగా పోతే కొట్టెయ్యండి” అన్నారు. పులస బ్యాచ్ రేవుకి చెక్కేసింది. వాళ్ల ముక్కలు ముందే ముగించిన మొదటి బెంచీ ఆడపిల్లల మీద పడ్డాయి.

రావాల్సింది 1229. మనకొచ్చింది 1230. మేష్టారు తిన్నగా చివరి బెంచీకొచ్చి బొండాం నోటుబుక్కు తీశారు. 9991! వాడు 89 దాకా చూసి, గంట కొట్టారని వదిలేశాడు. మరి రెండోవాడో? ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నా, నేనే. వాడిది చూసి దింపేశాను.

“నూరు స్క్వేర్‌లోంచి మూడు స్క్వేర్ తియ్యరా. 97, 103 కనబడటం లేదూ?” అని, కాసేపాగి, “మిమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టడం నా తప్పు” అన్నారు. బెత్తం దెబ్బ తిన్నా బాగుండేది.

ఇప్పుడు నా ఉద్యోగం అదే. యూనివర్సిటీలో రాత్రిళ్లు ఖాళీగా ఉండే కంప్యూటర్లు కలిపి, పరిశోధకుల లెక్కలు ముక్కలుగా పంచడం. 1980ల్లో అమెరికాలోని మాడిసన్‌లో కాండోర్ పేరుతో పుట్టి, ఇప్పుడు హెచ్‌టీకాండోర్ అనిపించుకుంటున్న సాఫ్ట్‌వేర్‌తో చేస్తాం. కంప్యూటర్ గలవాడొచ్చి కీబోర్డు ముట్టుకుంటే మన లెక్క ఇంకోచోటికి సర్దుకోవాల్సిందే. ఈమధ్య ఎక్కువ వాడుకున్నవాడి వంతు వెనక్కి పోతుంది. అమ్మకి “కాలవ మీద నీళ్లు వదిలే లస్కర్ లాంటి పనే” అని చెప్పాను. శివారు రైతు కూతురు కదా, “ఎగువ వాళ్లు రాత్రిపూట తూము ఎత్తేస్తారు, చూసుకో” అంది. నిజంగానే ఎత్తేస్తారు.

2012 జులై 4న సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల వాళ్లు ఎప్పట్నుంచో వెతుకుతున్న హిగ్స్ కణం కబురు చెప్పారు. ఎన్నో దేశాల్లో పంచిన ఆ లెక్కల్లో మా గది వంతూ కాస్త ఉంది. చిన్న ముక్కేలెండి.

అనుమానం ముక్కని రెండుచోట్లకి పంపాల్సొస్తే, పక్కపక్క మెషిన్లకి పోనివ్వను. కొత్త కుర్రాళ్లు ఎందుకని అడుగుతారు. వాళ్లకి బొండాం సంగతి ఎక్కడని చెప్పను?

ఒరేయ్ బొండాం, వస్తున్నావుగా? టీషర్టు సైజు చెప్పు. వెనక 9991 వేయిస్తున్నా.