తల్వార్ పిడి మళ్ళీ ఊగింది: లక్కతో నా కుస్తీ

మళ్ళీ ఊగింది. ఈసారి నిలబడిందనే అనుకున్నా. లక్క పోసి, బాగా చల్లారనిచ్చి, డాబా మీద వరిగడ్డి కుక్కిన గోనెసంచిని వేలాడదీసి కొడుతుంటే మొదట్లో రాయిలా ఉంది పిడి. కాసేపటికి అరచేతిలో టిక్ మని చిన్న చప్పుడు. చెవికి వినపడలేదు, చేతికే తెలిసింది. ఈ పని చేసినవాళ్ళకి ఆ టిక్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు: లోపల లక్క పట్టు వదిలిందని.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం చిన్నగా: ఇది ఉత్తరాదిలో ఫ్యాక్టరీలో తయారైన కొత్త తల్వార్, మొద్దు అంచుది. పదును పెట్టలేదు, పెట్టను కూడా. పదునున్న ఖడ్గాలు 1959 ఆయుధాల చట్టం జాబితాలో ఉన్నాయి, ఆ టెన్షన్ మనకెందుకు. కంపెనీ పేరు కూడా వద్దులే, ఎందుకంటే ఈ జబ్బు ఒక్కరిది కాదు. చూడ్డానికి కత్తి బాగుంది. వంపు బాగుంది, పిడి మీద పళ్ళెం లాంటి బిళ్ళ కూడా సరైన సైజులోనే ఉంది. కానీ ఆ బిళ్ళ నడిమధ్యన ఒక నట్టు! పాత తల్వార్లను సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలో చూడండి, బిళ్ళ మీద నట్టు కనపడదు. పాత పద్ధతిలో అలుగు (పిడి కాకుండా మిగతా కత్తి భాగం) నుంచి వచ్చే తోక పొట్టిగా, వెడల్పుగా ఉండి పిడి బోలులోనే ఆగిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది లక్క, గుగ్గిలం లాంటి జిగురే. నట్టు బిగించడం ఫ్యాక్టరీకి సులువు, అందుకే పెడతారు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా పంటి కింద రాయి.

సరే, నట్టు విప్పాను. లోపల ఊహించిందే ఉంది. అసలు తోక 6 సెం.మీ. వరకే, దాని చివర సన్నటి మరల రాడ్డు వెల్డ్ చేశారు. రాడ్డును వెల్డింగ్ దగ్గర కోసేశాను. మిగిలింది పొట్టి తోక, అంటే పాత పద్ధతికి దాదాపు సరిపోయేదే. ఇక్కడి వరకు పండగే.

అలుగు పని అయిపోయింది. కొన్నప్పుడు మందం పిడి దగ్గర 5.2 మి.మీ., నడుమ 4.7, మొన దగ్గర 4.1, అంటే రేకు కోసి వంచినట్టే. ఇప్పుడు 5.2, 4.0, 2.6. బరువు 1,360 గ్రాముల నుంచి 1,190కి దిగింది, తూకం నిలిచే చోటు పిడి నుంచి 22 సెం.మీ. ఉండేది 18.5కి వచ్చింది. చేతిలో వేరే కత్తిలా ఉంది. ఒర కూడా అయింది: నిర్మల్ బొమ్మలకు వాడే పునికి చెక్క, పైన ఎర్ర మేకతోలు.

ఇక పిడి సంగతి.

పిడి పోత పోసిన ఇనుము, లోపల బోలు. మూతి దగ్గర సందు 34 మి.మీ. పొడవు, 7.5 మి.మీ. వెడల్పు. తోక 22 మి.మీ. వెడల్పు, 4.9 మి.మీ. మందం. అంటే మందం వైపు రెండు పక్కలా 1.3 మి.మీ. చొప్పున, వెడల్పు వైపు చెరో 6 మి.మీ. ఖాళీ. ఇది మూతి దగ్గర లెక్క, లోపల పిడి ఉబ్బిన చోట ఇంకా ఎక్కువ. ఎంతో తెలుసుకుందామని సిరంజితో నీళ్ళు పోశాను, 19 మి.లీ. పట్టింది. తోక ఆక్రమించేది దాదాపు 6.5 మి.లీ. మిగతా 12.5 మి.లీ. లక్కే నింపాలి. మూడింట రెండు వంతులు! ఈ లెక్క చూసినప్పుడే అనుమానం రావాలి ఎవరికైనా, కానీ పాత కత్తులు శతాబ్దాలు నిలిచాయి కదా అన్న ధైర్యం.

మిశ్రమం తూకంతో: గుగ్గిలం రెండు పాళ్ళు, లక్క ఒక పాలు, బాగా జల్లించిన ఇటుక పొడి రెండు పాళ్ళు, పల్లి నూనె కొంచెం. గుగ్గిలం, లక్క వరంగల్ మట్టెవాడలో మూలికల దుకాణంలో దొరికాయి. ఇటుక పొడికి మిషన్ ఇటుక వద్దు, బట్టీలో కాలిన పాత ఇటుకే మేలు, తేడా పొడి చేస్తున్నప్పుడే తెలుస్తుంది. మిశ్రమం వేడి 110 డిగ్రీలు, గన్ను థర్మామీటరుతో చూసి పోశాను.

ఆ కొంచెం నూనె దగ్గరే అసలు తిరకాసు. నూనె వేయకుండా పోస్తే పిడి గట్టిగా బిగుసుకుంటుంది, కానీ గోనెసంచి మీద నాలుగు దెబ్బలకే లోపల గాజు పగిలినట్టు పగులుతుంది, పొడి రాలి మూతి లోంచి బయటికొస్తుంది. నూనె పెంచి పోస్తే దెబ్బలకు ఆగుతుంది, ఎండకు ఆగదు. మన దగ్గర మే నెల ఎండ గురించి చెప్పేదేముంది, డాబా మీద మధ్యాహ్నం ఆ ఇనుప పిడిని పెట్టి చూస్తే 58 డిగ్రీలు చూపించింది. లక్క కరగడానికి 75, 80 దాకా పోవాలి గానీ, నూనె కలిసిన మిశ్రమం అంతకంటే చాలా ముందే మెత్తబడుతుంది. గోరు గుచ్చితే దిగింది. రామగుండం వైపు ఉన్నవాళ్ళు నా కంటే ఘోరంగా అనుభవిస్తారు ఈ బాధ.

పెంబర్తిలో ఇత్తడి రేకు పని చేసే ఒక పెద్దాయనను అడిగాను. వాళ్ళు రేకు కింద ఇలాంటి మిశ్రమమే వేసి దాని మీద చెక్కుతారు, కాబట్టి వాళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కొద్దిగా చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి, వాసన చూసి అన్నాడు: "తమ్మీ, గిది మా పనికైతే మంచిగున్నది. మాకు మెత్తగుండాలె, సుత్తె దెబ్బ మింగాలె. నీకు గట్టిగుండాలె. నూనె ఎక్కువైతే ఎండకు కారుతది, తక్కువైతే పగుల్తది. ఇటుక పొడి ఇంకింత పెంచి సూడు." పెంచాను. ఇటుక పొడి మూడు పాళ్ళు, నూనె నామమాత్రం. అదే ఈ తాజా ప్రయత్నం. 58 డిగ్రీల దగ్గర గోరు దిగలేదు, గట్టిగానే ఉంది. అయినా ఊగింది, అదే కడుపుమంట.

ఎంత ఊగిందో కొలిచాను. పిడిని చెక్క బిగింపుల మధ్య వైసులో బిగించి, మొన పక్కన స్కేలు పెట్టి అటూ ఇటూ తోస్తే మొన దగ్గర 4 మి.మీ. కదలిక. అలుగు 76 సెం.మీ., తోక 6 సెం.మీ. లెక్క వేస్తే పిడి లోపల కదలిక 0.3 మి.మీ. దగ్గర. మూడు నాలుగు వెంట్రుకల మందం, అంతే! కానీ కత్తి పట్టుకున్న చేతికి అదే మోత.

పిడిని వేడి చేసి అలుగు లాగేశాను. తోకతో పాటు లక్క ముద్ద మొత్తం ఒకే కడ్డీలా ఊడి వచ్చింది. ఇది నన్ను ఆలోచనలో పడేసింది. తోకకు గట్టిగా అంటుకుంది, ఉలితో కొడితే గానీ రాలేదు. కానీ పిడి గోడకు ఆనిన వైపు నున్నగా, అద్దంలా మెరుస్తోంది. పోత గీతలు కూడా దాని మీద అచ్చు పడ్డాయి. అంటే అక్కడికి చేరింది గానీ అంటుకోలేదు. అడుగున, బిళ్ళ వైపు, 6 మి.మీ. బుడగ ఒకటి. మూతి దగ్గర, తోక అంచు వెంబడి, సన్నటి పగులు.

ఎందుకు? నా ఊహలు ఇవి. పిడి చల్లగా ఉండగా వేడి లక్క పోస్తే గోడకు తగలగానే పెచ్చులా గట్టిపడి, మిగతాది దాని లోపల చల్లారుతుంది, గోడను తడపదు. కానీ నేను పిడిని ముందే 70 డిగ్రీల దాకా వేడి చేశాను, కాబట్టి ఇదొక్కటే కాదు. రెండోది, లోపలి గోడ మరీ నున్నన. పాత తల్వార్ పిడులు రెండు చిప్పలుగా కొట్టి అతికినవి, లోపల గరుకుగా ఉంటాయి, లక్కకు పట్టు దొరుకుతుంది. ఈ కొత్త పోత పిడుల లోపల నునుపు, పైగా తుప్పు పట్టకుండా పూసిన నూనె వాసన కూడా ఉంది, థిన్నర్‌తో కడిగినా పూర్తిగా పోయిందని నాకు నమ్మకం లేదు. మూడోది, నేను ఎక్కువ మొగ్గేది దీనికే: 12.5 మి.లీ. చాలా ఎక్కువ. గుగ్గిలం చల్లారేటప్పుడు ఇనుము కంటే ఎన్నో రెట్లు కుంచించుకుపోతుంది. పలచటి పొరైతే ఆ కుంచింపు లెక్కలోకి రాదు. ముద్దగా ఉంటే లోపలికి ముడుచుకుని గోడను వదిలేస్తుంది. ఆ అద్దం లాంటి మెరుపు చెప్పేది అదే అనిపిస్తోంది. ఇటుక పొడి పెంచితే కుంచింపు తగ్గుతుంది గానీ, అంతకు మించి వేస్తే మిశ్రమం చిక్కబడి 1.3 మి.మీ. సందులోంచి కిందికి దిగదు, బుడగ మిగులుతుంది. మిగిలింది కూడా.

అంటే మందు లక్కలో లేదు, తోకలో ఉంది. నట్టు కోసం డిజైన్ చేసిన సన్నటి తోకను ఆ బోలు పిడిలో పెడితే లక్క ఎంత మంచిదైనా ఏం చేస్తుంది పాపం.

ఎరాల్డైట్ (ఎపాక్సీ జిగురు) పోసెయ్ అన్నా అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. పనిచేస్తుంది, ఒప్పుకుంటా. కత్తి తిప్పడమే మీ సరదా అయితే అదే చేయండి, హాయిగా నిద్రపోండి. కానీ రేపు పిడి మార్చాలంటే లక్కనైతే వేడి చేసి లాగెయ్యొచ్చు, ఎపాక్సీని తీయాలంటే అంతకంటే ఎక్కువ వేడి పెట్టి గీకాలి, వేడి మరీ మించితే పక్కనే ఉన్న అలుగు గట్టిదనం దెబ్బ తింటుంది. ఎం-సీల్ గురించి అడిగినవాళ్ళకి: అది నీళ్ళ పైపులకి, దయచేసి అక్కడే ఉంచండి. ఇంకో మాట, పాత తల్వార్లు ఊగవని కూడా అనుకోవద్దు. లక్క ఎండిపోయి పిడి వదులైనవి బోలెడు, వాటిని మళ్ళీ బిగించుకుంటూ వాడినవే. మరమ్మతుకు వీలుగా చేసిన పద్ధతి అది.

తయారీదారుల మీద నా ఆశ కూడా ఇంతే, పెద్దదేం కాదు. డెహ్రాడూన్ విండ్లాస్ కంపెనీ వాళ్ళు 1943 నుంచి ఉన్నారు, ఇంగ్లండు రాయల్ ఆర్మరీస్ మ్యూజియంతో కలిసి వాళ్ళ దగ్గరి అసలు కత్తులను చూసి కొత్త నకళ్ళు తెస్తున్నారు. మంచిదే, కానీ అవి యూరప్ కత్తులు. మీరట్ దీపీకా వాళ్ళ పేరు చెబితే రోమన్, మధ్యయుగపు సరుకే గుర్తొస్తుంది. అమెరికా ఆల్బియన్ వాళ్ళు మ్యూజియంలో కత్తి కొలిచి, మందం ఎక్కడెక్కడ ఎంత తగ్గుతుందో చూసి చేస్తారు, చైనాలో ఎల్‌కే చెన్ వాళ్ళు తమ హాన్ రాజుల కాలపు పాత కత్తులకు అదే పని చేసి చూపించారు. తల్వార్‌కి ఆ మర్యాద ఎవరు చేస్తారు? మంచి పాత తల్వార్ బరువు సాధారణంగా కిలోకి అటూ ఇటూ, పిడి లోపల చెయ్యి పట్టే జాగా ఇరుగ్గా ఉంటుంది. కొత్తవి మాత్రం బరువు, పిడి వదులు. పొట్టి వెడల్పు తోక, గరుకు బోలు, నట్టు లేని బిళ్ళ. ఈ మూడూ ఇస్తే వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి కొంటా, లక్క నేనే పోసుకుంటా.

డమాస్కస్ ఉక్కు అని అమ్మే చారల కత్తుల సంగతి కూడా చెప్పాలి. రెండు రకాల ఉక్కు మడతలు పెట్టి అతికి ఆసిడ్‌లో ముంచితే వచ్చే చారలు అందంగానే ఉంటాయి, కానీ అది మన మూస ఉక్కు కాదు. మూసలో కరిగించి, మెల్లగా చల్లార్చి తీసే ఆ ఉక్కు కోసం నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. ఆ ఊరు మనకు పక్కనే పెట్టుకుని చారల బొమ్మకు డబ్బులు పోయడం నాకు నచ్చదు. ఇంకా ఘోరం, కొన్ని కత్తుల మీద ఆ చారలు లేజర్‌తో గీసినవి.

తర్వాతి పని నిర్ణయమైపోయింది. 1.2 మి.మీ. ఇనుప రేకు 32 మి.మీ. వెడల్పు ముక్కలు రెండు కోయించి, తోకకు రెండు పక్కలా పెట్టి 3 మి.మీ. రివెట్లు కొడతా. మందం 7.3 అవుతుంది, 7.5 సందులో దూరుతుంది, ఆకురాయి పని కాస్త పడొచ్చు. రేకుల మధ్య అంచుల్లో మిగిలే ఖాళీలో 5 మి.మీ. పట్టీలు. అప్పుడు లక్క ఐదారు మి.లీ.కి మించి పట్టదు. వెల్డింగ్ చేస్తే తొందరగా అవుతుంది గానీ తోక మొదట్లో వేడి తగిలితే అలుగు గట్టిదనం చెడుతుంది, అందుకే రివెట్లే. పిడి లోపల డ్రిల్‌కి చిన్న కార్బైడ్ బర్ (ఇనుమును గీకే మొన) తగిలించి అడ్డంగా గాట్లు పెడతా. బుడగ రాకుండా పిడిని వేడి ఇసుకలో నిలబెట్టి, సగం పోసి, తోక దించి, మిగతాది పైనుంచి.

రేకు కోసిచ్చే కాశిబుగ్గ షాపాయన ఆదివారం తర్వాత రమ్మన్నాడు. ఈలోగా వరంగల్ కోటకు వెళ్ళి వీరగల్లుల (వీరుల గుర్తుగా నిలిపిన శిల్పాల రాళ్ళు) మీద ఉన్న కత్తుల పిడులు దగ్గర్నుంచి చూసి గీసుకోవాలి, ఎందుకంటే దీని తర్వాత చేద్దామనుకుంటున్నది తిన్నటి కత్తి. కాకతీయుల వేషానికి బిళ్ళ పిడి తల్వార్ పట్టిస్తారు మనవాళ్ళు ఊరేగింపుల్లో, అది కాకతీయ రాజ్యం పడిపోయిన 1323 తర్వాత చాలా కాలానికి గానీ రాలేదు. తిన్నటి అలుగుకు ఉక్కు పట్టీ చూసి పెట్టాను, 6 మి.మీ. మందం, లారీ కమాన్ కట్ట కాదు, కొత్తదే. ఎవరి దగ్గరైనా వీరగల్లు కత్తుల దగ్గరి ఫొటోలు ఉంటే, పక్కన స్కేలు పెట్టి తీసినవైతే ఇంకా మంచిది, పంపండి.