నల్ల గుమ్మం ముందు ఒక సాయంత్రం

ఇవాళ జర్మనీలోని ట్రీర్‌లో పోర్టా నీగ్రా చూశాను. క్రీ.శ. 170 ప్రాంతంలో రోమన్లు కట్టిన నగర ద్వారం. ఇసుకరాయే, కాలం గడిచేకొద్దీ నల్లబడిపోయింది. సున్నం వాడలేదు, రాయి మీద రాయి పేర్చి ఇనుప బందులతో బిగించారు. దగ్గరికెళ్తే అతుకుల దగ్గర అన్నీ గుంటలే. మధ్యయుగంలో ఆ ఇనుము కోసం తవ్వుకుపోయారట. ఒక గుంటలో వేలు పెట్టాను, లోపల చల్లగా, గరుగ్గా ఉంది. ఎందుకో కళ్లు చెమర్చాయి.

11వ శతాబ్దంలో సిమియోన్ అనే సన్యాసి ఇందులోనే ఏకాంతంగా ఉండిపోయాడు. ఆయన పోయాక దీన్ని చర్చిగా మార్చారు కాబట్టే ఈ రాళ్లు మిగిలాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ సంగతే.

పక్కనే సిటీ బస్సు ఆగింది. పిల్లలు దిగి కబుర్లాడుకుంటూ వెళ్లిపోయారు. నేను చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.