పక్కన కూర్చున్నవాడికి చెప్పలేని నవ్వు

నేను పరిశోధక విద్యార్థిగా విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉన్న రోజుల్లో ఆదివారం సాయంత్రాలు టీవీ గదిలోనే గడిచేవి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన కిటికీ ఊచలు, ఒక మూల క్యారమ్స్ బల్ల, వరుసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డ మెస్ కుర్రాళ్లు. మాతో పాటు ఇథియోపియా నుంచి గణితంలో పరిశోధన చేయడానికి వచ్చిన ఒక మిత్రుడు కూడా కూర్చునేవాడు. వయసులో మాకంటే పెద్దవాడు కనుక అందరం ఆయనను ‘అన్నా’ అనే పిలిచేవాళ్లం. ఆయనకు వచ్చిన తెలుగు పది పదిహేను మాటలకు మించదు. అయినా ‘భోజనం అయ్యిందా’ అని రోజూ అందరినీ తెలుగులోనే అడిగేవాడు.

ఒక ఆదివారం ఏదో తెలుగు సినిమా వస్తోంది. హాస్యనటుడికి పెళ్లిచూపులు. తలవంచుకుని కూర్చున్న అమ్మాయి ముఖం ఎత్తగానే, ఆమె ఒంటి రంగు చూసి అతను కెవ్వున అరిచి, ‘దీన్ని ఆఫ్రికా నుంచి దిగుమతి చేశారా’ అన్నాడు. గది మొత్తం ఘొల్లుమంది, నేనూ నవ్వాను. ఆ సంభాషణలో మా అన్నకు అర్థమైన మాట ఒక్కటే, అది ఆఫ్రికా. ఆయన ఉత్సాహంగా నా వైపు తిరిగి, ‘ఆఫ్రికా గురించి ఏమంటున్నాడు?’ అని ఇంగ్లీషులో అడిగాడు. ‘అక్కడికి వెళ్తానంటున్నాడు’ అని అబద్ధం చెప్పాను. ఆయన ముఖం ఇంకా విప్పారింది. ‘ఏ దేశానికి?’ అన్నాడు.

ఆ రెండో ప్రశ్నకు నేనేం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. కానీ కళాశాల ప్రాంగణాల్లోని జాతివివక్షను చూపే సినిమాలను వెతికి వెతికి చూడటం అప్పటి నుంచే మొదలుపెట్టాను. ఏ సినిమా చూసినా దానిని ఆ టీవీ గదిలో ప్రదర్శిస్తున్నట్టు ఊహించుకుంటాను. ఈ దృశ్యం ఎవరి గురించో ఆ మనిషి నా పక్కనే కూర్చుని ఉంటే, అందులోని ప్రతి మాటా అతనికి విప్పి చెప్పగలనా అని అడుగుతాను. నాకు తెలిసిన కొలమానం ఇదొక్కటే.

ఈ విషయంలో అందరూ మొదట చెప్పే సినిమా జాన్ సింగిల్టన్ 1995లో తీసిన ‘హయ్యర్ లెర్నింగ్’. కొలంబస్ విశ్వవిద్యాలయం అనే కల్పిత ప్రాంగణంలో, కొత్తగా చేరిన ముగ్గురు విద్యార్థుల కథ అది. పరుగుపందేల ప్రతిభ మీద ఉపకారవేతనం పొందిన నల్లజాతి యువకుడు మాలిక్, తెల్లజాతి యువతి క్రిస్టెన్, ఐడహో నుంచి వచ్చిన ఒంటరి కుర్రవాడు రెమీ. సింగిల్టన్ చాలా నిశితంగా గమనించినది, ఎవరూ ఎవరినీ బలవంతం చేయకుండానే పచ్చికబయలు మీద ఏ జాతి వాళ్లు ఆ జాతితో గుంపులు కట్టి కూర్చునే తీరు. నా దృష్టిలో ఆ సినిమాకు ప్రాణం అక్కడే ఉంది, ఎందుకంటే ప్రాంగణంలో ఉద్రిక్తత ఘర్షణగా మారడానికి చాలా ముందే ఎవరు ఏ బల్ల దగ్గర భోజనం చేస్తారు, ఎవరి గదిలో పాటల మోత ఎవరికి కంటకం అవుతుంది అనే చిన్న చిన్న విషయాలలో పోగుపడుతూ ఉంటుంది. రెమీని తెల్లజాతే గొప్పదని నమ్మే నవ నాజీ ముఠా ఎలా చేరదీసిందో కూడా ఆ సినిమా ఓపికగా చూపించింది. అతనికి ద్వేషం కంటే ముందు దొరికింది పలకరింపు, పక్కన కూర్చునే మనుషులు.

అయితే చివరికి రెమీ మేడ మీదికెక్కి తుపాకీ పేలుస్తాడు, మాలిక్ ప్రేమించిన డేజా చనిపోతుంది. హంతకుడి వెంటపడిన మాలిక్‌నే ప్రాంగణ పోలీసులు పట్టుకుని కొట్టే దృశ్యం చూసి నేను చాలాసేపు తేరుకోలేకపోయాను. అయినా నాకొక అభ్యంతరం ఉంది. వివక్షకు ముగింపుగా తుపాకీని చూపించినప్పుడు, తుపాకీ పట్టని ప్రేక్షకుడు తనకు ఆ పాపంతో సంబంధం లేదనుకుని నిశ్చింతగా లేచి వెళ్లిపోతాడు. అమెరికా జెండా మీద ‘నేర్చినది మరచిపొండి’ అనే అర్థం వచ్చే ఒకే ఒక్క మాటతో సినిమా ముగుస్తుంది. ఆ మాట రెమీ కంటే ఎక్కువగా, నవ్వుతూ కూర్చున్న నా బోటి వాళ్లకు తగలాలి.

స్పైక్ లీ 1988లో తీసిన ‘స్కూల్ డేజ్’ అక్కడికి దగ్గరగా వెళ్లింది. లీ స్వయంగా అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలలో 1979లో పట్టభద్రుడయ్యాడు. నల్లజాతి వారి కోసం ఏర్పడిన కళాశాలలో, లేత రంగు వాళ్లకూ ముదురు రంగు వాళ్లకూ మధ్య, సాఫీ జుట్టుకూ ఉంగరాల జుట్టుకూ మధ్య ఉన్న తగవును ఆయన కథగా తీసుకున్నాడు. ఇంటి గుట్టు బయట పెడుతున్నాడని భయపడిన మోర్‌హౌస్ యాజమాన్యం చిత్రీకరణ మధ్యలోనే ఆవరణ ఖాళీ చేయమంది. సినిమాలో కొన్ని చోట్ల పాట ఎక్కువ, కథ తక్కువ. కానీ తెల్లవాడు ఒక్కడూ లేని చోట కూడా తెల్లదనమే గొప్పదన్న కొలత ఎలా పాతుకుపోతుందో అంత ధైర్యంగా చూపిన ప్రాంగణ చిత్రం నేను మరొకటి చూడలేదు. ‘తెల్లగా, సన్నగా, పొడవుగా’ అని పెళ్లి ప్రకటనలు వేయించుకునే మనకు ఆ సినిమా అర్థం కావడానికి అమెరికా చరిత్ర తెలియనక్కరలేదు.

జస్టిన్ సిమియెన్ తీసిన ‘డియర్ వైట్ పీపుల్’ 2014లో వచ్చింది. వించెస్టర్ అనే కల్పిత విశ్వవిద్యాలయంలో తెల్లజాతి విద్యార్థులు నల్లవాళ్ల వేషాలు వేసుకుని విందు చేసుకుంటారు. ముఖానికి మసి పూసుకుని నల్లవాడిని ఆటపట్టించే నాటకాలు అమెరికాలో 19వ శతాబ్దం నుంచి నడిచాయి కనుక ఆ వేషం అక్కడ ఉత్త వేషం కాదు. ఇంత ఘోరం ఈ కాలంలో జరుగుతుందా అని మనం అనుకునే లోపు, చివరి పేర్లు పడుతున్నప్పుడు నిజమైన ప్రాంగణాల్లో నిజంగా జరిగిన అలాంటి విందుల ఛాయాచిత్రాలు తెర మీద వరుసగా వస్తాయి. ఆ ఛాయాచిత్రాల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు.

అవి చూస్తున్నప్పుడు నాకు మన ఊళ్లోనే ఒక కళాశాల వార్షికోత్సవం గుర్తుకొచ్చింది. నలుగురు కుర్రాళ్లు ఒంటికి నల్లరంగు పూసుకుని, నడుముకు కొబ్బరాకులు చుట్టుకుని, అర్థం లేని కేకలు వేస్తూ ‘ఆఫ్రికా నృత్యం’ చేశారు. వాళ్లలో ద్వేషం ఉందని నేను అనను. మర్నాడు అదే కుర్రాళ్లు ఆఫ్రికా విద్యార్థులతో కలిసి ఫుట్‌బాల్ ఆడి ఉంటారు. కానీ ఆ నృత్యాన్ని వాళ్లు సినిమాల నుంచే నేర్చుకున్నారు, అందులో నాకు సందేహం లేదు.

ఉత్తరాంధ్రలో నల్లని వాడిని ‘కర్రోడు’ అంటారు. అమ్మ ముద్దుగా పిలిస్తే అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అదే మాట తరగతి గదిలోకి వచ్చేసరికి చురకత్తి అవుతుంది. మన కాలేజీ సినిమాలు దశాబ్దాల పాటు ఆ మాటను హాస్యనటుడికే వదిలేశాయి. కథానాయకుడి స్నేహబృందంలో ఒక నల్లవాడు, ఒక లావుపాటివాడు, ఒక నత్తివాడు ఉండాలి, వాళ్లు ప్రేమలో పడితే నవ్వు రావాలి. ఆ మూసను కదిలించిన చిత్రంగా సందీప్ రాజ్ 2020లో తీసిన ‘కలర్ ఫోటో’ను నేను గౌరవిస్తాను. 1990ల నాటి మచిలీపట్నంలో ఇంజనీరింగ్ చదివే నల్లని, పేద యువకుడు జయకృష్ణ ఆ కథకు నాయకుడు. సుహాస్ నటనలో, మనిషి తన రంగును తానే ముందుగా తక్కువ చేసుకుని మాట్లాడే ఆ సంకోచం ఎంత సహజంగా పలికిందంటే, హాస్టల్‌లో నాతో చదివిన ఇద్దరు ముగ్గురు నాకు కళ్ల ముందు మెదిలారు. ఆ సినిమా ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందడం నాకు సొంత సంతోషంలా అనిపించింది.

కులాన్నీ జాతినీ ఒకటిగా కట్టడం సరికాదు. రెంటి చరిత్రలు వేరు. అయినా ప్రాంగణంలో మనిషిని ముందే ఒక మూసలో పోసి చూడటం రెండు చోట్లా ఒకే తీరున జరుగుతుంది. మారి సెల్వరాజ్ 2018లో తీసిన తమిళ చిత్రం ‘పరియేరుం పెరుమాళ్’లో తిరునెల్వేలి న్యాయ కళాశాలలో చేరిన యువకుడు ఇంగ్లీషు రాక తరగతిలో పడే అవమానం, ఆ తర్వాత జరిగే దాడుల కంటే నన్ను ఎక్కువగా కలచివేసింది. చివరి దృశ్యంలో పక్కపక్కన రెండు టీ గ్లాసులు ఉంటాయి, ఒకదాంట్లో పాలు కలిపిన టీ, మరొకదాంట్లో నల్ల టీ, మధ్యలో ఒక మల్లెపువ్వు. ఆ గ్లాసుల గురించి దర్శకుడు ఒక్క మాట కూడా చెప్పించలేదు.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్‌లో, ‘నా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ ఒకడు మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పుడు విశాఖలో మేమందరం కుమిలిపోయాము. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లో ఆ రాత్రి ఫోన్లు మోగాయి. సరిగ్గా మరుసటి నెలలో గ్రేటర్ నోయిడాలో, ఒక బాలుడి మరణం చుట్టూ పుట్టిన అనుమానాలతో, నైజీరియా విద్యార్థులను దుకాణ సముదాయంలో గుంపు తరిమి తరిమి కొట్టింది. ఆ రెండో వార్తను మా వీధిలో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. మన తెర మీద ఆఫ్రికా మనిషి కనిపిస్తే మత్తుమందులు అమ్మేవాడిగానో, విలన్ వెనుక నిలబడ్డ కండల మనిషిగానో కనిపించడానికీ, ఆ గుంపు అంత సులువుగా అనుమానించడానికీ సంబంధం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సినిమా మనిషిని రెచ్చగొట్టకపోవచ్చు. కానీ తెలియని ముఖాన్ని చూసినప్పుడు మనసులో మొదట ఏ బొమ్మ లేవాలో అదే నేర్పుతుంది.

మా అన్న గదిలో ఏముండేదో చూపించిన సినిమా నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. ఆయన అరకు నుంచి వచ్చిన పచ్చి కాఫీ గింజలు తెప్పించుకుని, కరెంటు పొయ్యి మీద చిన్న మూకుడులో సన్నగా వేయించేవాడు. అవి చిటపటలాడి పొగ లేవగానే మూకుడును అతిథుల ముందుకు తెచ్చి, ఆ వాసన చేత్తో వాళ్ల వైపు విసిరేవాడు. సన్నని మెడ ఉన్న నల్లని మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న గిన్నెల్లో మూడు విడతలుగా పోసేవాడు. మొదటిది చిక్కగా, మూడోది పలుచగా ఉండేది. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదనేవాడు. కాఫీ పుట్టిన దేశం తమదని చెప్పేటప్పుడు ఆయన గొంతులో వినిపించే గర్వం, మన వాళ్లు గోదావరి గురించి చెప్పేటప్పుడు వినిపించే గర్వమే.

కిందటి ఏడాది ఆయనకు ఉత్తరం రాస్తూ, ఆ ఆదివారం నేను చెప్పిన అబద్ధాన్ని ఒప్పుకుని, ఆ హాస్యనటుడు నిజంగా ఏమన్నాడో పూర్తిగా అనువదించి పంపాను. వారం తర్వాత జవాబు వచ్చింది. తన విద్యార్థుల గురించి, కూతురి చదువు గురించి, విశాఖ సముద్రం గురించి రాశాక, చివరలో ఆ సంగతి రెండు వాక్యాల్లో ప్రస్తావించాడు. ఆ రాత్రి భోజనం వడ్డిస్తూ మెస్ కుర్రాడే తనకు దాని అర్థం చెప్పాడట. నేను ఎందుకు చెప్పలేదో తనకు అర్థమైందట.

ఆ ఆదివారం తర్వాత ఆయన టీవీ గదికి రావడం మానేశాడు. సిద్ధాంత గ్రంథం పని ఎక్కువై ఉంటుందని అప్పట్లో మేమందరం అనుకున్నాం.