చామంతి ప్రింటు: మూడు రంగులు పడ్డాయి, నల్ల గీత మిగిలింది

అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1983లో టోక్యోలోని గెండై హంగా సెంటర్ కోసం ‘కికు’ పేరుతో మూడు స్క్రీన్‌ప్రింట్లు చేశాడు. కికు అంటే చామంతి. మేం చేస్తున్న ఈ చామంతి ప్రింటుకు దారి చూపింది అవే. స్క్రీన్‌ప్రింటులో మెష్ అనే సన్నని వల బిగించిన చట్రం (స్క్రీన్) లోంచి రంగును కాగితం మీదికి దించుతారు, ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్.

ఏ3 సైజు, 300 జిఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితం, 15 షీట్లు. పువ్వులు కుడివైపుకు జరిగి ఉంటాయి, ఎడమ మూడో వంతులో నేపథ్యం రంగు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీని నింపితే జపాన్ ఛాయ పోతుంది.

ముందు పసుపు రేకులు. తర్వాత గులాబీ నుంచి ఊదాకు మారే నేపథ్యం, ఆపైన ఆకుపచ్చ. నేపథ్యం స్క్రీన్‌లో పువ్వులు, ఆకులు ఉండే చోటు ఖాళీగా వదలాలి. లేకపోతే పచ్చ కింద గులాబీ చేరి మట్టిరంగు తేలుతుంది. అంచుల్లో మాత్రం అర మిల్లీమీటరు ఒకదానిపై ఒకటి ఎక్కాలి, లేదంటే తెల్ల సందు కనిపిస్తుంది.

ఎక్కువ సమయం తిన్నది నేపథ్యమే. ఉకియో-ఎ అనే జపాన్ సంప్రదాయ చెక్క అచ్చుల్లో ఈ రంగు మార్పును బొకాషి అంటారు, అక్కడ దాన్ని బ్రష్షుతో తడి అచ్చు మీద చేస్తారు. స్క్రీన్ మీద ఒక పక్క గులాబీ, మరో పక్క ఊదా పోసి, మధ్యలో నాలుగు సెంటీమీటర్ల మేర ఉత్త మీడియం (రంగును పల్చన చేసే, రంగులేని జిగురు) వేశాం. చెత్త కాగితాల మీద నాలుగైదు సార్లు లాగాక రంగులు కలుస్తాయి. స్క్వీజీ (రంగును లాగే రబ్బరు పట్టీ) పక్కకు ఊగితే చారలు పడతాయి. పదో షీటుకల్లా మధ్య పట్టీ మురికిగా మారింది. రంగంతా గీకి తీసి మళ్లీ పోయాల్సి వచ్చింది.

యాక్రిలిక్ రంగు, మీడియం సగం సగం కలిపాం. ఆకుపచ్చ వేసేటప్పుడు ఆరో షీటులో ఆకు కొనలు మాయమయ్యాయి: సీలింగ్ ఫ్యాను గాలికి రంగు మెష్‌లోనే ఆరిపోయింది. స్క్రీన్ అడుగు నుంచి తడిగుడ్డతో తుడిచి, రెండు చెత్త ప్రింట్లు తీస్తే తెరుచుకుంది. అప్పటినుంచి ప్రతి షీటు తీయగానే మెష్‌ని రంగుతో నింపి ఉంచుతున్నాం.

ప్రతి రంగుకూ షీటు ఒకే చోట కూర్చునేలా పెట్టడానికి జపాన్ చెక్క అచ్చుల కెంటో పద్ధతి వాడాం: కుడి కింది మూల ఒక ఎల్ ఆకారపు ముక్క, కింది అంచునే ఎడమకు ఒక తిన్నని ఆపు. రెండూ అదే కాగితంలోంచి కోసినవే. అట్టముక్క పెడితే మెష్ అక్కడ ఎత్తుగా లేచి, పక్కన రంగు సరిగా దిగదు. షీటు కింది, కుడి అంచులు రెండూ కత్తితో సూటిగా కోసినవై ఉండాలి, చింపినట్టుండే అంచు ప్రతిసారీ ఒక్కోచోట ఆగుతుంది.

ఇక నల్ల గీత. మెష్ 77టి (సెంటీమీటరుకు 77 దారాలు), గీత సన్నదనం 0.4 మిల్లీమీటరు. స్క్రీన్‌కు పూసిన ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) మీద బొమ్మ ఉన్న పారదర్శక షీటు, అంటే పాజిటివ్, పెట్టి వెలుతురు చూపిస్తాం. ఈ ఎక్స్‌పోజింగ్ ఎక్కువైతే వెలుతురు పాజిటివ్ కిందికి పాకి సన్న గీతల్ని తినేస్తుంది, తక్కువైతే కడిగేటప్పుడు ఎమల్షన్ లోపలివైపు జిగురుగా వదులుతుంది. అందుకే ముందు ఐదు వేర్వేరు సమయాల టెస్ట్ పట్టీ. గీతను రేకుల మీద అచ్చంగా కూర్చోబెట్టం, రెండు మిల్లీమీటర్లు కుడికి జరుపుతాం. బల్లకు ఒక పక్క టేపుతో అంటించిన పారదర్శక షీటు మీద ముందుగా నలుపు కొట్టి, దాని కింద కాగితాన్ని జరుపుతూ చోటు కుదిరాకే ఆపులు అంటించాలి.