మా ఇంట్లో పీచు లెక్క

పోయిన ఎండాకాలం హన్మకొండలో మా అమ్మకు మలబద్ధకం ముదిరినప్పుడు, ఆమె రోజుకు ఎంత పీచు తింటుందని డాక్టరుగారు అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి వంటింట్లో తూకం పెట్టి చూశాను. ఆమె తినే 200 గ్రాముల బియ్యంలో ఆరు గ్రాముల పీచైనా లేదు; పప్పు, కూర కలిపినా మొత్తం పన్నెండు దాటలేదు.

2000 కిలోక్యాలరీల ఆహారంలో సుమారు 30 గ్రాముల పీచు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. అది పెద్దవాళ్ల ఆహారానికి వేసిన లెక్క అని ఆలోచించకుండా, ఇంటిల్లిపాదికీ అదే అంకె ఖాయం చేశాను. జొన్నల్లో 100 గ్రాములకు పది గ్రాముల వరకు పీచు ఉంటుంది కనుక, వారం తిరగకముందే అన్నం బదులు జొన్నరొట్టె, దానితో ఉడికించిన బబ్బెర్లు, పుంటికూర, పైన ఒక జామకాయ మొదలుపెట్టించాను. నీళ్ల సంగతి మాత్రం పట్టించుకోలేదు. అమ్మ ఎప్పటిలాగే మూడు నాలుగు గ్లాసులే తాగింది. కడుపుబ్బరం పట్టుకుంది, మలబద్ధకం ఇంకా గట్టిపడింది. "కొడుకా, నన్ను మేకను జేసినవ్" అన్నది. పుంటికూర చూసి అన్న మాటే అయినా, నాకు తగలవలసిన చోటే తగిలింది.

నాలుగేళ్ల మా పాప పొద్దున జొన్న గటక తిని మధ్యాహ్నం దాకా పాలు ముట్టేది కాదు. చిన్న కడుపు పీచుతోనే నిండితే మిగతా తిండికి చోటెక్కడిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు 15 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్లకు 21, పదేళ్లు దాటినవారికి 25 గ్రాములు కనీసం ఉండాలని చెప్పింది. అమెరికావారి లెక్క వెయ్యి కిలోక్యాలరీలకు 14 గ్రాములు. తిండి తగ్గే వయసు కనుక యాభై దాటిన ఆడవారికి ఆ లెక్కన రోజుకు 21 గ్రాములే, గర్భిణులకు 28. ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన మా చెల్లెలికి ఐరన్ మాత్రలతో అమ్మ బాధే మొదలైంది కాబట్టి ఆ 28 ఆమెకు అక్కరకు వచ్చింది.

అమ్మకు మళ్లీ మొదటి నుంచి, రాత్రి ఒక్క రొట్టెతో ప్రారంభించాము. పది రోజులకొకసారి కొంత పెంచుతూ, పూటపూటకూ నీళ్లో మజ్జిగో గుర్తుచేసి తాగించాము. రెండు నెలలకు ఆమె ఇరవై గ్రాముల దగ్గర కుదురుకుంది, మందును డాక్టరుగారే ఆపించారు. రెండో రొట్టె వేస్తే మాత్రం ఇప్పటికీ కంచం పక్కకు జరుపుతుంది.