గదుల్లో మిగిలిన బురద

పొద్దున్నే మైక్రోస్కోపు కింద చూడాల్సిన ఒక రాతి స్లైడు నాశనం చేశాను. గాజు పలక మీద కార్బోరండం పొడి చల్లి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, చిన్న గాజు స్లైడుకు అతికించిన రాతి ముక్కను గుండ్రంగా తిప్పుతూ అరగదీయాలి. వెలుతురు దూరేంత పలచగా, 0.03 మిల్లీమీటర్ల మందానికి వస్తే ఆపెయ్యాలి. సరిగ్గా ఆ సమయానికే అమ్మ ఫోన్. "వచ్చేటప్పుడు కరేపాకు తేమ్మా." సరే సరే అంటూ చెయ్యి మాత్రం ఆపలేదు. చూసుకునేసరికి గాజు ఉంది, రాయి లేదు.

అదృష్టం, అదే రాయిది ఇంకో స్లైడు ముందే చేసి పెట్టాను. తిరుపతిలో కూర్చుని సున్నపురాయి మీద పనిచేయడం ఒక వింత. కిటికీలోంచి కనబడే కొండ పైభాగమంతా క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి. యాసిడ్ చుక్క వేసినా సున్నపురాయిలా నురగ కక్కదు, ఉలకదు, పలకదు. అందుకే తమిళనాడులోని అరియలూరు దాకా వెళ్ళి, అక్కడి నినియూరు పొరల సున్నపురాయి మోసుకొచ్చాను. ఆరు కోట్ల ఏళ్ళు దాటిన సముద్రం అది. ఇందులోని నాచుల గురించి బెంగళూరు ఎల్. రామారావుగారు, వియన్నా జూలియస్ పియా కలిసి 1936లోనే రాశారు. అప్పట్లో ఆ పొరలను డైనోసార్ల ఆఖరి యుగమైన క్రెటేషియస్ చివరివనుకున్నారు. ఇప్పుడు ఆ వెంటనే వచ్చిన డేనియన్ అనే కాలంలో వేస్తున్నాం.

మైక్రోస్కోపు కింద డాసిక్లాడ్ అనే సముద్రపు నాచు అడ్డంగా తెగితే అచ్చం బండిచక్రమే, మధ్యలో బోలు, చుట్టూ ఆకులు. గదులు గదులుగా గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు, మిలియోలిడ్లయితే అడ్డంగా కోసిన వెల్లుల్లిపాయ, రెబ్బలతో సహా. నాచుకు ఎండ కావాలి, కాబట్టి లోతు తక్కువ. మిలియోలిడ్లకు లాగూన్లంటే, దిబ్బల చాటున ఉండే నిలకడ సముద్రపు నీళ్ళంటే, ఇష్టం. పోయిన వారమే ధీమాగా రాసేశాను, 'అలలు లేని లాగూను' అని.

సార్ ఈరోజు అది చదివి ఒక్క మాటే అన్నారు. "ఎక్కడ బతికాయో రాశావు. ఎక్కడ పూడాయో?"

కొంచెం ఉడుక్కున్నాను. మధ్యాహ్నం మళ్ళీ చూస్తే తప్పు నాదేనని తేలింది. రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజు, అంచులు అరిగి ఉన్నాయి. వాటి మధ్య బురద లేదు, తేటగా మెరిసే కాల్సైటు ఖనిజమే. సున్నపురాళ్ళను వర్గాలు చేసిన డన్హమ్ లెక్కలో ఇది గ్రెయిన్‌స్టోన్, బురద లేని రేణువుల రాయి. బురదను కడిగేసే అలలున్న చోటు, ఇసుకదిబ్బ లాంటిది. మరి లాగూను మాట పూర్తిగా అబద్ధమా? కాదు. ఒక మిలియోలిడ్ గదుల లోపల నల్లటి మెత్తటి బురద కుక్కినట్టుంది. బయట చుక్క కూడా లేదు! చెప్పులకంటిన ఎర్రమట్టి చూసి మనిషి ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పినట్టు, ఇది లాగూనులో పుట్టి పెరిగి, దిబ్బ మీదికి కొట్టుకొచ్చింది. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. నోట్సులో 'లాగూను' కొట్టేయలేదు, పక్కన బాణం గీసి 'దిబ్బ' అని రాశాను.

ఇంటికొస్తే వంటింట్లో అమ్మ పులిహోరకు నిమ్మకాయలు పిండుతోంది. కడప బండ మీద రసం పడిన చోట తెల్లటి మరక. "ఎంత తోమినా పోదే ఇది," అంది.

"పోదమ్మా, అది మరక కాదు. బండే కరిగింది. అదీ సున్నపురాయే."

"అయితే దీంట్లోనూ నీ పురుగులుంటాయా?"

ఉండవు. లెన్సు పెట్టి వెతికినా గవ్వ ముక్క దొరకదు. ఈ బండగా గట్టిపడిన బురద పేరుకున్న సముద్రంలో గవ్వ కట్టుకునే ప్రాణే ఇంకా పుట్టలేదు. అదే చెప్పబోతుంటే అమ్మ చెయ్యి చాపింది.

"కరేపాకేదీ?"