మా ఇంటి మీద పదహారు కిలోమీటర్ల ఎత్తున

డేటా ఫైల్ ఓపెన్ చేస్తే మొట్టమొదటి లైన్లోనే, పై గాలిని కొలిచే బెలూన్ ఎక్కడి నుంచి వదిలారో ఉంటుంది. 17.47, 78.58. జర్మనీ వచ్చిన మొదటి ఏడాది నవంబర్లో, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయే రోజుల్లో, ఆ రెండు నంబర్లు మ్యాప్ లో కొట్టి చూసి అలానే కూర్చుండిపోయా. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్, అంటే టాటా పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్ సెంటర్. మా ఇల్లు కుషాయిగూడలో, స్కూటీ మీద పది నిమిషాలు పట్టదు.

చిన్నప్పుడు ఎండాకాలం డాబా మీద పడుకుంటే తెల్లారకముందే నాన్న లేపి చూపించేవాడు. బెలూన్ పొడుగ్గా తెల్లగా లేచేది, పైకి పోయినకొద్దీ ఉబ్బేది, మాకింకా చీకటిగా ఉండగానే దాని మీద ఎండ పడి చుక్కలా మెరిసేది. అందులో పంపిన పెట్టెలు పారాచూట్ తో ఎక్కడో పొలాల్లో పడేవి, ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పండి అని పేపర్లో ప్రకటన వచ్చేది. నేను ఈ చదువులోకి రావడానికి కారణం ఆ డాబానే అనుకుంటా.

ఇప్పుడు నా పని ఏరోసాల్స్ మీద, అంటే గాలిలో తేలే కంటికి కనపడని కణాలు. ఇవి లేకపోతే మబ్బే లేదు, ఎందుకంటే శుద్ధమైన గాలిలో నీటి ఆవిరి తనంతట తాను బొట్టుగా మారాలంటే తేమ 100 శాతం కాదు, 400 శాతం దాకా కావాలి. ఒక కణం దొరికితే 100 దాటీ దాటగానే దాని చుట్టూ బొట్టు కట్టేస్తుంది, అలాంటి చిన్న బొట్లు దాదాపు పది లక్షలు కలిస్తే ఒక వాన చినుకు. వానాకాలంలో మన దేశం మీద, చైనా మీద 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తులో ఇలాంటి కణాల పొర ఒకటి ఏర్పడుతుంది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉంటుంది. కాలిప్సో అనే శాటిలైట్ లేజర్ డేటాలో అది బయటపడింది, ఆ పేపర్ 2011లో వచ్చింది. 2014 నుంచి కొన్నేళ్లు నాసా, ఇస్రో, టీఐఎఫ్ఆర్ కలిసి మా ఈసీఐఎల్ నుంచే బెలూన్లు పంపి దాన్ని కొలిచారు. నేను చూసిన ఫైల్ అదే.

అక్కడ ఏముందో తెలిసినప్పుడు మాత్రం నాకు నిద్ర పట్టలేదు. 2017లో కాఠ్మాండూ నుంచి ఒక రష్యన్ విమానాన్ని 20 కిలోమీటర్ల దాకా ఎగరేసి కొలిచారు, 2019లో పేపర్ రాశారు, ఆ పొరలో అమ్మోనియం నైట్రేట్ ఉంది. అందులోని అమ్మోనియా కింద నుంచే రావాలి, అంటే పశువుల కొట్టాలు, పొలంలో చల్లిన యూరియా. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి వానతో పాటే కిందకి కొట్టుకుపోవాలి, కానీ మబ్బులో నీళ్లు గడ్డకట్టేటప్పుడు కొంత మళ్లీ బయటపడి పైకి చేరుతోంది. మెరుపుల వల్ల పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడ నైట్రిక్ ఆసిడ్ అవుతాయి, రెండూ కలిసి ఆ చలిలో కణాలవుతాయి, వాటి మీద మంచు మబ్బులు పుడతాయి.

మా తాతది జనగామ దగ్గర పల్లె, వరి రైతు. ఒకరోజు ఫోన్లో "ఏం పని బిడ్డా అక్కడ" అన్నాడు. మబ్బుల పైన ఏముందో చూస్తాం తాతా అన్నా. "ఏమున్నది?" మనం చల్లిన యూరియా కూడా ఉంది తాతా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే చేనుకు దక్కలేదన్నట్టు" అన్నాడు. బురదలోకి దిగేటట్టు వేస్తే తక్కువ పోతుంది తాతా అంటే, "మట్టి ముద్దలల్ల కలిపి వెట్టుడు ఎరికేనే, కూలోళ్లు ఏడ దొరుకుతరు" అన్నాడు. ఎన్ని కాన్ఫరెన్సులు తిరిగినా ఇంత సూటి మాట నేను వినలేదు, ఎందుకంటే మేమందరం పైకి ఎంత చేరిందో లెక్కేస్తున్నాం, ఆయన కింద ఎంత పోయిందో లెక్కేశాడు. ఆ మరుసటి ఏడాది తాత పోయినప్పుడు నా రెసిడెన్స్ కార్డు రెన్యువల్ లో ఉంది, దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేదు, వెళ్లలేకపోయా. ఆ బాధ ఇంకా అలాగే ఉంది.

మొన్న సెలవు మీద హైదరాబాద్ వెళ్లా. అక్క కొడుకు తొమ్మిదో క్లాస్, సెప్టెంబర్ 16 ఓజోన్ డేకి స్కూల్లో మాట్లాడాలంట, "పిన్నీ మన ఎండలు ఓజోన్ హోల్ వల్లనే కదా" అన్నాడు. కాదు నాన్నా అని కూర్చోబెట్టి చెప్పా. హోల్ ఉన్నది అంటార్కిటికా మీద, 1985లో బ్రిటిష్ వాళ్లు కనిపెట్టారు. అక్కడ చలికాలంలో స్ట్రాటోస్ఫియర్, అంటే వాతావరణంలో పై పొర, అందులో చలి మైనస్ 78 డిగ్రీల కంటే కిందకి పోతే ప్రత్యేకమైన మబ్బులు కడతాయి, సీఎఫ్సీల నుంచి, అంటే పాత ఫ్రిజ్జుల్లో, స్ప్రేల్లో వాడిన వాయువుల నుంచి వచ్చిన క్లోరిన్ ఆ మబ్బు కణాల మీదే ఓజోన్ని తినే రూపంలోకి మారుతుంది, మళ్లీ సూర్యుడు రాగానే తినడం మొదలుపెడుతుంది. మన నెత్తి మీద ఓజోన్ మొత్తాన్ని నేల మీదకి తెచ్చి పరిస్తే మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అదే మనల్ని కాస్తోంది అంటే వాడు వేళ్లతో కొలుచుకుని చూసుకున్నాడు. 1987లో మాంట్రియల్ లో దేశాలు ఒప్పుకుని సీఎఫ్సీలు ఆపడం మొదలుపెట్టాయి, అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి 2066 ప్రాంతంలో వస్తుందని అంచనా. అప్పటికి నాకు ఎన్నేళ్లు అని వాడు లెక్కేసుకుంటుంటే నాకు చాలా సంతోషం అనిపించింది, నిజంగా బాగుపడుతున్న విషయం ఒకటి వాడికి చెప్పగలిగా.

బంధువులు ఇంకో ప్రశ్న అడుగుతారు, మన గాలి మీద జర్మనీ వాళ్లకెందుకు అంత ఆసక్తి, జీతాలిచ్చి మరీ. జర్మనీ మీద వాతావరణం కింది పొర 11 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది, మన మీద 16, 17 దాకా ఉంటుంది. ప్రపంచానికంతా కింది గాలి స్ట్రాటోస్ఫియర్ లోకి ఎక్కే దారి ముఖ్యంగా ఉష్ణమండలం మీదుగానే, మన వానాకాలం అందులో పెద్ద నిచ్చెన. మన దగ్గర ఎక్కింది జర్మనీకీ చేరుతుంది.

జీతం మాట కూడా చెప్పాలి. జర్మనీ చట్టం ప్రకారం పీహెచ్డీ తర్వాత మమ్మల్ని టెంపరరీగా పెట్టుకునేది మామూలుగా ఆరేళ్లే, ఆ తర్వాత ప్రాజెక్ట్ ఫండ్ దొరికితేనే ఉండేది. నాకు ఐదో ఏడు నడుస్తోంది. ఒక్కో కాంట్రాక్ట్ ఏడాది, ఏడాదిన్నర, ఇంటి అగ్రిమెంట్ కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది. తిరిగి వచ్చేయొచ్చు కదే అని అమ్మ అడగదు, అడగకుండా నా పాత గది అలానే సర్ది ఉంచుతుంది.

నిన్న రాత్రి శంషాబాద్ లో ఎక్కా. విమానం పదకొండు కిలోమీటర్ల దగ్గర ఎక్కడం ఆపేసింది, ఆ పొర మొదలవడానికి ఇంకో రెండు కిలోమీటర్లు పైకి పోవాలి, కిటికీలోంచి దూరంగా ఒక మబ్బు లోపల నుంచి మెరుస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్ లో దిగి ఫోన్ ఆన్ చేస్తే అమ్మ మెసేజ్, నువ్వు పోయినంక మస్తు ఉరుములు, వాన అని. ఎన్నింటికి మొదలైందమ్మా అని అడిగా. పదకొండున్నరకి, నాన్న లేచి డాబా మీద తూము చూసొచ్చిండు అని రాసింది.